చిన్నోడికి తోడు తెస్తే...

పొద్దున్న ఐదున్నరకి అమ్మ వచ్చి లేపింది.

"ఒరేయ్, నీ సారల చేప కింద పడుందిరా. ఏదో సూడు."

ఒక్క ఉదుటున లేచా. హాల్లో టీవీ పక్కన ఉన్న గాజు తొట్టికి రెండడుగుల దూరంలో, టైల్స్ మీద ఎండిపోయి పడి ఉంది. నాలుగు రోజుల కిందట వైజాగ్ నుంచి ఏసీ కారులో, ఒళ్లో పెట్టుకుని తెచ్చిన క్లౌన్ ఫిష్. నీళ్లలోకి తిరిగి వేసి చూశా. లాభం లేదు.

తొట్టిలో మాత్రం మా పాత చేప చిన్నోడు ఏమీ జరగనట్టు అటూ ఇటూ తిరుగుతున్నాడు. గాజు దగ్గరికి వచ్చి మేత కోసం నోరు తెరుస్తున్నాడు. వాడికి తోడు కోసమే కదా ఇదంతా చేశాను. ఆ తోడుని వాడే తరిమి తరిమి బయటికి దూకేలా చేశాడు. నిజం చెప్పాలంటే చేసింది వాడు కాదు, నేను. ఆ సంగతి అర్థం కావడానికి నాకు ఇంకో ఎనిమిది నెలలు పట్టింది.

సముద్రపు చేపలు పెంచాలని సరదా పడేవాళ్లు మనలో ఇప్పుడు ఎక్కువే ఉన్నారు. రీల్స్‌లో నారింజ రంగు మీద తెల్ల చారల చేపలు రెండు పక్కపక్కన ఊగుతూ కనిపిస్తే ఎవరికైనా మనసవుతుంది. అలా మనసు పడే ముందు నా కథ ఒకసారి వినండి.

పులుసు ఊళ్లో గాజు తొట్టి

మాది నక్కపల్లి. అనకాపల్లి జిల్లా. హైవే మీద వైజాగ్ నుంచి తుని వైపు వెళ్తుంటే దాదాపు 80 కిలోమీటర్ల దగ్గర తగులుతుంది. ఉపమాక వెంకన్న కొండ మా పక్కనే. ఇటు రాజయ్యపేట వైపు వెళ్తే సముద్రం. చేప అంటే మా ఇంట్లో పులుసే. కోనెమా, పండుగొప్పా అన్నదే ప్రశ్న. అలాంటి ఇంట్లో వండుకోని చేప కోసం వేలకు వేలు పెట్టానంటే అమ్మ ఇప్పటికీ చుట్టాల ముందు నా పరువు తీస్తూనే ఉంటుంది.

పిచ్చి ఎప్పుడు మొదలైందో మాత్రం గుర్తుంది. చిన్నప్పుడు స్కూల్ వాళ్లు వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఉన్న మత్స్యదర్శినికి తీసుకెళ్లారు. అందరూ పెద్ద చేపల దగ్గర గుమిగూడితే నేను ఓ చిన్న తొట్టి ముందు ఆగిపోయా. ఇంజినీరింగ్, హైదరాబాద్ ఉద్యోగం, ఆ తర్వాత ఇంటి నుంచే పని. ఊరికొచ్చి సెటిలయ్యాక 2022 చివర్లో రెండడుగుల తొట్టి కొన్నా. నీళ్లు సుమారు 75 లీటర్లు పడతాయి. ఉప్పునీటి అక్వేరియాల్లో ఇది చాలా చిన్నది. చిన్న తొట్టి అంటే చిన్న పని అనుకున్నా. అది రివర్స్. నీళ్లు ఎంత తక్కువ ఉంటే తప్పు అంత త్వరగా విషమవుతుంది.

చేప విసర్జించే అమ్మోనియాని కొన్ని రకాల బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషాలే. మూడోది కొంత మోతాదు వరకు ఫర్వాలేదు. ఈ బ్యాక్టీరియా రాళ్ల మీదా, ఫిల్టర్‌లోనూ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటి వరకు ఖాళీ తొట్టికే లైటు వేసుకుని చూస్తూ కూర్చోవాలి. నేను కూర్చున్నా. 2023 జనవరిలో ఒక్క చేపని తెచ్చా. బొటనవేలు గోరంత ఉండేది. అందుకే చిన్నోడు అని పేరు పెట్టా.

సముద్రం పక్కనే ఉన్నా...

"సముద్రం పెట్టుకుని ఉప్పు కొంటావేటి?" అని నన్ను అడగనివాళ్లు లేరు. మొదట్లో నేనూ అలాగే అనుకుని, రాజయ్యపేటలో తెలిసిన పడవ వాళ్లని అడిగి లోపలి నుంచి డబ్బాలతో నీళ్లు తెప్పించుకునేవాణ్ని. వేసవిలో బాగానే ఉంది. అక్టోబర్‌లో ఓసారి అనుమానం వచ్చి రిఫ్రాక్టోమీటర్‌లో చుక్క వేసి చూస్తే సాంద్రత 1.020 చూపించింది. తొట్టిలో ఉండాల్సింది 1.025.

కారణం తర్వాత తెలిసింది. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చే మంచినీళ్లన్నీ బంగాళాఖాతంలోనే కలుస్తాయి. వానలు వెనక్కి తగ్గే రోజుల్లో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్లి, ఆ పలుచటి నీళ్లని మన తీరం మీదుగా తీసుకొస్తుంది. అంటే మన సముద్రం ఏడాది పొడవునా ఒకే ఉప్పుతో ఉండదు. సముద్రంలో చేప ఆ మార్పుకి తగ్గట్టు లోతుకో, పక్కకో వెళ్లిపోగలదు. రెండడుగుల తొట్టిలో ఎక్కడికి పోతుంది? ఆ రోజు నుంచి ఆర్వో నీళ్లలో సింథటిక్ సీ సాల్ట్ కలిపి వాడుతున్నా.

ఇంకో పాఠం ఎండ నేర్పింది. చల్లటి దేశాల వాళ్లు తొట్టికి హీటర్ పెట్టమంటారు. నక్కపల్లి మే నెలలో మనకి కావాల్సింది చల్లదనం. క్లౌన్ ఫిష్‌కి 25 నుంచి 27 డిగ్రీలు హాయి. చిల్లర్ కొనే స్తోమత లేక, నీళ్ల మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్లు రెండు బిగించా. వాటితో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. నీరు ఆవిరవుతుంది తప్ప ఉప్పు ఆవిరవదు. అందుకే తగ్గిన మేర ప్రతిరోజూ ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరుగుతూ పోతుంది.

ఇవన్నీ నేర్చుకున్నాక నాకు అన్నీ తెలుసనే ధీమా వచ్చింది. అసలు తప్పు చేసింది అప్పుడే.

ఒంటరివాడని జాలిపడి

2024 అక్టోబర్ నాటికి చిన్నోడు ఏడు సెంటీమీటర్లు అయ్యాడు. మేత వేసే టైమ్ తెలుసు. నా వేలు గుర్తుపడతాడు. అయినా నాకు బాధగా ఉండేది. పగలంతా నేను హెడ్‌సెట్ పెట్టుకుని మీటింగుల్లో, వాడు గాజు గోడల మధ్య ఒక్కడే. పెళ్లి కాని కొడుకుని చూసి అమ్మ నిట్టూర్చినట్టు నేను వాణ్ని చూసి నిట్టూర్చేవాణ్ని.

ఓ శుక్రవారం వైజాగ్ వెళ్లి, షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది, అందమైనది ఎంచుకున్నా. చిన్నోడికి ఈడూ జోడూ కుదిరేలా సరిగ్గా వాడంత సైజులో. ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. సంచిని పావుగంట నీళ్ల మీద తేలేసి, కత్తిరించి, వదిలేశా. వీడియో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టా. అందరూ హార్టులు కొట్టారు.

పది నిమిషాల్లో చిన్నోడు మీదికి దూకాడు. రెక్కలు కొరికాడు. తొట్టి దగ్గర చెవి పెడితే టక్ టక్ మని చిన్న శబ్దాలు. పంపు పాడైందేమో అనుకున్నా. అది చేప చేసే శబ్దమే. క్లౌన్ ఫిష్ దవడల్ని టపీమని మూసి, పళ్లు తగిలించి ఆ చప్పుడు పుట్టిస్తుందని బెల్జియం శాస్త్రవేత్త ఎరిక్ పార్మెంటియర్ బృందం 2007లో 'సైన్స్' పత్రికలో వివరించింది. అది నా హద్దు, అవతలికి పో అనే బెదిరింపు.

కొత్త చేప పైమూలలో, ఫిల్టర్ పైపు వెనక నక్కింది. రెండో రోజు మేత ముట్టలేదు. మూడో రోజు తోక రెక్క చిరిగింది. "కొత్తలో అలాగే కొట్టుకుంటాయి, సర్దుకుంటాయి" అని ఎవరో అన్నమాట పట్టుకుని నేను ఊరుకున్నా. సోమవారం రిలీజ్ ఉంది, రాత్రి రెండింటి దాకా పని. తొట్టి మీద మూత కూడా లేదు. మంగళవారం పొద్దున్న అమ్మ వచ్చి లేపింది.

మా ఫీల్డ్‌లో ఓ మాట ఉంది. శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్ లైవ్‌లోకి పంపకూడదని. కోడ్ విషయంలో అంత జాగ్రత్తపడే నేను ప్రాణం ఉన్నదాని విషయంలో ఆ మాత్రం ఆలోచించలేదు.

చిన్నోడు, చిన్నోడు కాదు!

ఆ తర్వాతే కూర్చుని చదివా. ముందు చదవాల్సింది.

ఈ చేపలన్నీ పుట్టుకతో మగ లక్షణాలతోనే పెరుగుతాయి. సముద్రంలో ఒక్కో అనిమోన్ దగ్గర ఒక చిన్న గుంపు ఉంటుంది. అన్నిటికంటే పెద్దది ఆడది. ఆ ఇంటి పెత్తనం దానిదే. రెండో సైజుది దాని మగ జత. మిగతావి ఇంకా చిన్నవి, సంతానం జోలికి రావు. ఆడది చనిపోతే మగచేప ఆడదిగా మారుతుంది. చిన్నవాటిలో పెద్దది మగచేప స్థానంలోకి వస్తుంది. హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే 1977లో 'నేచర్' పత్రికలో ఈ సంగతి రాశారు. ఒకసారి ఆడదిగా మారాక మళ్లీ మగగా మారడం ఉండదు.

'ఫైండింగ్ నీమో' చూసినవాళ్లకి ఒక ట్విస్ట్. ప్రకృతి ప్రకారం నడిస్తే, తల్లి చేప చనిపోయాక నీమో వాళ్ల నాన్న మార్లిన్ కొన్నాళ్లకి ఆడదిగా మారాలి. 2003లో అలా తీసి ఉంటే పిల్లలకి అర్థమయ్యేలా చెప్పడం కాస్త కష్టమయ్యేదేమో!

అదే ఏడాది పీటర్ బస్టన్ అనే శాస్త్రవేత్త పపువా న్యూగినీలో చేసిన పరిశోధన 'నేచర్'లో వచ్చింది. గుంపులో ప్రతి చేపా తన పైదాని కంటే కచ్చితంగా చిన్నగా ఉండేలా తన ఎదుగుదలని తానే అదుపు చేసుకుంటుందట. తన కింది చేప సైజులో దగ్గరికి వస్తే పైది సహించదు, గెంటేస్తుంది. గెంటేస్తే సముద్రంలో అనిమోన్ రక్షణ లేకుండా బతకడం కష్టం. అందుకని చిన్నగా ఉండటమే దాని బతుకుదెరువు.

ఇప్పుడు నా తొట్టి చూడండి. దాదాపు రెండేళ్లు ఒక్కటే ఉండి, పెద్దదై, అంతా నాదే అనుకుంటున్న చేప. దాని ముందు సరిగ్గా అంతే సైజున్న ఇంకోదాన్ని తెచ్చి పెట్టా. మనిషి లెక్కలో అది ఈడూజోడూ. చేప లెక్కలో అది తన కుర్చీకి పోటీ. రెండూ ఆడవే అయ్యుంటే ఇంకా ఘోరం, రాజీ అనేదే ఉండదు. సముద్రంలో అయితే ఓడినది పారిపోయేది. నా తొట్టిలో పారిపోవడానికి ఉన్నది ఒక్కటే దారి. పైకి. అది ఆ దారినే వెళ్లింది.

హేచరీ బాబాయ్ చెప్పిన మాట

కొన్ని నెలలు ఇంకో చేప ఊసెత్తలేదు. అసలు తోడు అవసరమా అని కూడా ఆలోచించా. నిజానికి క్లౌన్ ఫిష్ ఒక్కటే ఉన్నా ఏళ్ల తరబడి ఆరోగ్యంగానే బతుకుతుంది. ఒంటరితనం నా ఊహ కావచ్చు. ఈ మాట రెండో చేప కొనాలనుకునే ప్రతివాళ్లూ ముందు తమకి తాము చెప్పుకోవాలి.

మా తీరంలో రొయ్యపిల్లల హేచరీలున్నాయి. మా వీధిలో ఉండే బాబాయ్ ఒకాయన ఇరవై ఏళ్లకు పైగా వాటిల్లో టెక్నీషియన్‌గా చేస్తున్నాడు. చిన్నోడికి ఆర్టీమియా అప్పుడప్పుడు ఆయనే తెచ్చిస్తాడు. ఓ సాయంత్రం టీ తాగుతూ జరిగిందంతా చెప్పా. ఆయన నవ్వలేదు.

"సంచిలో నీళ్ల ఉప్పెంతో సూసేవా?"

"లేదు బాబాయ్."

"మరి నీ తొట్టిలో ఎంత?"

"1.025."

"మేం రైతుకి పిల్ల ఇచ్చే ముందు ఫస్టు అడిగేది అదేరా. నీ చెరువు ఉప్పెంత అని. మా టాంకులో ముప్పై ఉంటాది, ఆయన చెరువులో పదో పదిహేనో ఉంటాది. రోజులు పట్టి మా టాంకునే ఆయన చెరువు ఉప్పుకి దించుకొస్తాం. అప్పుడు సంచులు కడతాం. అక్కడికెళ్లాక కూడా సంచి నీళ్ల మీద తేలేసి, చెరువు నీళ్లు కొంచెం కొంచెం కలిపి, తర్వాతే ఒగ్గుతారు. పైసా రొయ్యపిల్లకే ఇంత సేస్తే, నువ్వు వెయ్యి రూపాయల సేపని పావుగంటలో ఒగ్గేసినావా?"

నా దగ్గర సమాధానం లేదు.

"ఇంకోటి. తల్లిరొయ్యలు ఇమానంలో దిగితే నేరుగా మా కాడికి రావు. ముందు చెన్నైలో క్వారంటైన్. నువ్వు ఎన్నాళ్లు పెట్టినావు?"

పెట్టలేదు. ఆయన చెప్పింది నిజమే. వనామీ రొయ్యని 2009లో దేశంలోకి అనుమతించినప్పటి నుంచి, విదేశాల నుంచి వచ్చే తల్లిరొయ్యల్ని చెన్నై నీలాంకరైలోని ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించాకే హేచరీలకు ఇస్తారు. మా ఊరి పక్కన వేల కుటుంబాలకు అన్నం పెట్టే పరిశ్రమ అంతా ఈ ఓపిక మీదే నడుస్తోంది. నేను మాత్రం అమెరికా వాళ్ల వీడియోలు చూసి నేర్చుకుంటున్నా.

రెండోసారి: తొందర లేకుండా

2025 జూన్‌లో మళ్లీ ప్రయత్నించా. ఈసారి పద్ధతిగా చేశా.

మొదటిది, సైజు. మూడు సెంటీమీటర్ల పిల్లని తీసుకున్నా, చిన్నోడిలో సగం కూడా ఉండదు. అదే జాతి, అంటే ఓసెల్లారిస్‌. జాతులు కలిస్తే గొడవలు ఎక్కువ. ఇంకా పిల్లే కాబట్టి మగగా స్థిరపడే వీలుంటుంది. 1,200 రూపాయలు పడింది.

రెండోది, పుట్టుక. సముద్రంలో పట్టినది కాకుండా హేచరీలో పుట్టినదే కావాలని అడిగా. మనదేశంలో ఇది కొత్తేం కాదు. కొచ్చి కేంద్రంగా పనిచేసే సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు విళింజం, మండపం కేంద్రాల్లో క్లౌన్ ఫిష్ పిల్లల్ని పుట్టించే విధానాన్ని ఎప్పుడో సాధించారు. మహారాష్ట్ర తీరంలో మహిళా బృందాలు ఈ పిల్లల్ని పెంచి అమ్ముతున్నాయి. హేచరీ పిల్లకి తొట్టి అలవాటు, పొడి మేత అలవాటు. పైగా పగడపు దిబ్బ నుంచి ఒక చేపని లాక్కొచ్చిన పాపం మనకి ఉండదు.

మూడోది, ఉప్పు. షాపుకి ముందే ఫోన్ చేసి వాళ్ల నీళ్ల సాంద్రత అడిగా. 1.020 అన్నారు. బాబాయ్ లెక్క ప్రకారం 30 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో 1.020 నీళ్లే సిద్ధం చేసి, పాత తొట్టి ఫిల్టర్‌లో నెల రోజులు నానబెట్టిన స్పాంజి పెట్టా. దాంతో మంచి బ్యాక్టీరియా టబ్బులోకీ వచ్చేసింది. సంచి తేలేసి ఉష్ణోగ్రత కుదిరాక చేపని మాత్రమే టబ్బులోకి మార్చా, సంచి నీళ్లు పారబోశా. ఆ తర్వాత వారం రోజుల్లో టబ్బు నీళ్లని మెల్లగా 1.025కి తెచ్చా.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొరియర్‌లో ఎక్కువ గంటలు ప్రయాణించి వచ్చిన సంచిని తెరిచి, గంటల కొద్దీ చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ కూర్చోవద్దు. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తక్కువగా ఉండి, పోగైన అమ్మోనియా పెద్దగా హాని చేయదు. తెరవగానే పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకే సంచి నీటికి సరిపోయే నీళ్లు ముందే తయారు చేసుకోవడం మేలు.

నాలుగోది, క్వారంటైన్. మూడు వారాలు. క్లౌన్ ఫిష్‌లకి బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి జబ్బు వస్తుంది. ఒంటి మీద జిగురు పేరుకుని, గసపెట్టి, ఒక్కోసారి రోజుల్లోనే పోతుంది. తెల్ల చుక్కల జబ్బు, వెల్వెట్ అనేవీ ఉన్నాయి. పెద్ద తొట్టిలోకి ఒకసారి వచ్చాయంటే చిన్నోడూ పోయేవాడే. మూడు వారాలూ రోజూ టార్చి వేసి చూశా. తింటోంది, ఊపిరి మామూలుగా ఉంది, ఒంటి మీద మచ్చ లేదు.

పెట్టెలో ఐదు రోజులు

శనివారం పొద్దున్న ముహూర్తం పెట్టుకున్నా. రెండు రోజులు సెలవు, ఫోన్ సైలెంట్. ముందు తొట్టిలో రాళ్లు మొత్తం మార్చి పేర్చా. ఇల్లు మారితే పాత చేపకి కూడా 'ఇది నా మూల' అనే పట్టు సడలుతుంది. తర్వాత, చిల్లులున్న పారదర్శకమైన అక్రిలిక్ పెట్టెని లోపలి గోడకి తగిలించి, కొత్తదాన్ని అందులో వదిలా. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి, వాసన పట్టుకుంటాయి, కొరకడానికి మాత్రం వీలుండదు.

చిన్నోడు మొదటి రోజంతా పెట్టెని పొడిచాడు. మళ్లీ టక్ టక్. నా గుండె జారింది. రెండో రోజు తగ్గింది. మూడో రోజు నుంచి ఓ కొత్త సంగతి. చిన్నోడు దగ్గరికి రాగానే పిల్ల చేప పక్కకి వాలి, ఒళ్లంతా గజగజ వణికించడం మొదలెట్టింది. ఫిట్స్ వచ్చాయేమోనని భయపడ్డా. అది లొంగుబాటు. 'నువ్వే పెద్ద, నేను పోటీ కాదు' అని చెప్పే భాష. మొదటిసారి నేను కొన్నది ఈ వణుకు ఒక్కసారి కూడా చూపించలేదు.

అమ్మ కూడా వచ్చి చూసింది. "అత్తోరింట్లో కొత్త కోడలు" అంది. తర్వాత నేను అసలు సంగతి చెప్పా. ఇక్కడ పెద్దది ఆడది, వణికేది మగవాడని. అమ్మ ఒక నిమిషం ఆలోచించి, "అయితే ఇల్లరికం అన్నమాట" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి చిన్నోడు కాస్తా చిన్నమ్మి అయింది. పిల్లది అల్లుడు.

ఐదో రోజు సాయంత్రం మేత నిండుగా వేసి, లైట్లు ఆర్పి, పెట్టె తలుపు తీశా. ఈసారి పైన దోమతెర వలతో చేసిన మూత ఉంది. కుర్చీ వేసుకుని తొట్టి ముందే కూర్చున్నా. చిన్నమ్మి ఒకసారి తరిమింది. అల్లుడు వణికాడు. మళ్లీ తరిమింది. మళ్లీ వణికాడు. పదకొండింటికి టార్చి వేసి చూస్తే, తొట్టి మూలలో పైన రెండూ జానెడు దూరంలో ఉన్నాయి. తెల్లారి ఐదున్నరకి ఎవరూ లేపకుండానే లేచి ముందు నేల చూశా. ఏమీ లేదు. అప్పుడు తొట్టి చూశా. రెండూ పక్కపక్కన.

మీరు ప్రయత్నిస్తే

తరమడం, చిన్నగా పొడవడం, చిన్నది వణకడం, ఇవి మామూలే. మేత టైమ్‌లో తరిమితే కంగారు పడక్కర్లేదు. కానీ రెక్కలు చిరగడం, చిన్నది పైమూలలోనో నేల మీదో కదలకుండా ఉండిపోవడం, ఒక రోజు దాటినా తినకపోవడం, దవడలు పట్టుకుని పెనుగులాడటం కనిపిస్తే ఇంక ఎదురుచూడొద్దు. వెంటనే పెట్టె దించండి. 'సర్దుకుంటాయిలే' అనే మాటకి నా దగ్గర ఒక చేప బలైంది.

రెండు పిల్లల్ని ఒకేసారి తెచ్చుకోవడం అన్నిటికంటే తేలిక. కలిసి పెరుగుతాయి. వాటిలో ఏది పెద్దదో అవే తేల్చుకుంటాయి. మూడోది మాత్రం వద్దు. జంట కుదిరాక మూడోదాన్ని చిన్న తొట్టిలో బతకనివ్వవు.

అనిమోన్ కావాలని చాలామంది అడుగుతారు. తొట్టిలో పెరిగే క్లౌన్ ఫిష్‌కి అది తప్పనిసరి కాదు. అనిమోన్‌కి బలమైన లైటు, ఏ మార్పూ లేని నీళ్లు కావాలి. 75 లీటర్లలో అది చనిపోతే దాంతోపాటు అన్నీ పోతాయి. మా జంట ఓ మట్టి ప్రమిద పక్కన కాపురం పెట్టింది. ఇక సముద్రపు పగడాల జోలికి, సముద్ర గుర్రాల జోలికి వెళ్లకండి. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా నేరమే.

కరెంటు గురించి కూడా ఆలోచించండి. గాలివానకి మా దగ్గర గంటల తరబడి పోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఒక చేపకి సరిపోయిన గాలి రెండింటికి సరిపోకపోవచ్చు. రెండో చేప వచ్చాక వారానికోసారి నీళ్లు మార్చడం, నైట్రేట్ చూడటం మీద నేనూ శ్రద్ధ పెంచాల్సి వచ్చింది.

ఇప్పుడు అల్లుడు నాలుగున్నర సెంటీమీటర్లు. ఈమధ్య ప్రమిదని నోటితో గీకి శుభ్రం చేస్తున్నాడు. గుడ్లు పెట్టే చోటుని మగచేప అలా సిద్ధం చేస్తుందంటారు. గుడ్లు ఇంకా పెట్టలేదు. పెడితే పిల్లల మేతకి రోటిఫర్లు కావాలి. అవి దొరికే చోటు నాకు తెలుసు. బాబాయ్‌కి చెప్తే, "ముందు గుడ్డు పెట్టనీరా, తొందరేటి నీకు" అన్నాడు.

సరే బాబాయ్. ఈసారి తొందర లేదు.